తినే సోడా: పెరటి తోటలో దాని మేలు, దాని హద్దు

ఇడ్లీ పిండి సరిగా పులియనప్పుడు చిటికెడు వేసుకోవడానికి, శనగలు త్వరగా ఉడకడానికి, బజ్జీలు గుల్లగా రావడానికి ప్రతి ఇంటిలోను తినే సోడా పొట్లం ఒకటి ఉంటుంది. కొందరు దీనిని వంట సోడా అంటారు, కొందరు సోడా ఉప్పు అంటారు. ఇటీవల ఈ పొట్లం వంటింటి నుండి పెరటిలోకి కూడ చేరింది. "ఆకుల మీద బూడిద పట్టిందా? సోడా నీళ్లు చల్లండి. చీమలు చేరాయా? సోడా పోయండి. టమాటాలు పుల్లగా ఉన్నాయా? మొదట్లో సోడా వేయండి" అని ఒకరినుండి ఒకరికి సలహాలు అందుతున్నాయి.

వీటిలో మొదటిది నిజమే. దానికి పరిశోధనల ఆధారం ఉంది. మిగిలినవాటిలో కొన్ని వృథా ప్రయాస. కొన్నయితే మొక్కకే గాక, మొక్క నిలబడిన మట్టికి కూడ కీడు చేసేవి. పది రూపాయల వస్తువే గదా, వేస్తే ఏమవుతుందిలే అని గుప్పెళ్లతో చల్లేవారు ఉన్నారు. అందుచేత సోడా తోటలో ఎక్కడ పనికివస్తుంది, ఎంత వాడాలి, ఎక్కడ ఆపాలి అనే మూడు సంగతులు గృహిణులూ తోట పని మీద ఆసక్తి గల పిల్లలూ తెలుసుకోవడం మంచిది.

మూడు డబ్బాలు, మూడు గుణాలు

మొట్టమొదట మన చేతిలో ఉన్నది ఏ సోడానో చూచుకోవాలి. తినే సోడాను రసాయన శాస్త్రంలో సోడియం బైకార్బొనేట్ అంటారు. ఇది కొద్దిపాటి క్షారగుణం గల తెల్లని పొడి. బట్టల సోడా, అంటే చాకలి సోడా, వేరు. అది సోడియం కార్బొనేట్. దాని క్షారగుణం చాలా తీవ్రం. దానిని నీళ్లలో కలిపి చల్లితే లేత ఆకులు మాడిపోతాయి. చేతుల చర్మానికి కూడ మంచిది కాదు. మూడవది కేకులలో వేసే బేకింగ్ పౌడరు. అందులో సోడాతో పాటు పొడి ఆమ్లమూ మొక్కజొన్న పిండీ కలిపి ఉంటాయి. నీళ్లు తగలగానే ఆ ఆమ్లమూ సోడా కలిసి పొంగిపోతాయి. కాబట్టి అది తోటకు పనికిరాదు.

ఇదే కారణం చేత సోడా నీళ్లలో వెనిగర్ గాని నిమ్మరసం గాని కలుపకూడదు. రెండూ మంచివే గదా, కలిపితే ఇంకా మంచిదనుకోవడం పొరపాటు. సామెతలు 25:20లో చిరక పోయడాన్ని గూర్చిన పోలిక మన పాఠకులకు తెలిసినదే. మన తెలుగు బైబిలులో అక్కడ సురేకారము అనే మాట ఉంది. హెబ్రీ భాషలోని మాట 'నెతెర్'. ఐగుప్తులోని ఉప్పు సరస్సుల ఒడ్డున దొరికే సహజమైన సోడాకు అది పేరని పండితులు చెబుతారు. సోడా మీద చిరక పోస్తే బుసబుస పొంగి, చూస్తుండగానే దాని బలమంతా పోతుంది. తోటలోనైనా అంతే. రెండూ కలిపిన నీటిలో చివరకు మిగిలేది ఒక ఉప్పు మాత్రమే.

బూడిద తెగులును గుర్తుపట్టడం

కార్తీకం దాటి చలి మొదలయ్యేసరికి బీర పాదు, సొర పాదు, గుమ్మడి, దోస, బెండ, గులాబీ ఆకుల మీద పిండి చల్లినట్లు తెల్లని మచ్చలు కనిపిస్తాయి. మొదట పైసా బిళ్లంత ఉంటాయి. వారం పది రోజుల్లో ఆకంతా కమ్ముకుంటాయి. ఆకు పసుపు పచ్చబడి, ఎండి, ముడుచుకుపోతుంది. పిందెలు ఎదగవు. దీనినే బూడిద తెగులు అంటారు. ఇది ఒక రకమైన శిలీంధ్రం. దీని బీజాలు గాలికి ఎగిరి ఒక ఆకు నుండి మరొక ఆకుకు చేరుతాయి.

ఈ తెగులులో ఒక విచిత్రం ఉంది. చాలా తెగుళ్లు ఆకు తడిగా ఉంటే వ్యాపిస్తాయి. బూడిద తెగులుకు ఆకు మీద తడి అక్కరలేదు. రాత్రివేళ గాలిలో చెమ్మ, పగలు పొడి వాతావరణం, పాదు దట్టంగా అల్లుకొని ఎండ తగలని చోటు, ఇవి ఉంటే చాలు. పందిరి కింద గుబురుగా ఉన్న ఆకులకే ముందుగా పట్టేది అందుకే.

గుర్తుపట్టడానికి ఒక సులువైన పరీక్ష. తెల్లని మచ్చను వేలితో రుద్దండి. పొడిలా వేలికి అంటితే అది బూడిద తెగులు. కొన్ని గుమ్మడి రకాల ఆకులకు ఈనెల వెంట పుట్టుకతోనే వెండి మచ్చలు ఉంటాయి. అవి రుద్దినా పోవు. వాటికి ఏ మందూ అవసరం లేదు. ఆకు పైన పసుపు రంగు మచ్చలు పలకలు పలకలుగా కనిపించి, అడుగున బూజు ఉంటే అది బూజు తెగులు. దానికి సోడాను నమ్ముకోవద్దు. బెండ ఆకుల ఈనెలు పసుపు పచ్చగా మారి వలలా కనబడితే అది తెల్లదోమ ద్వారా వచ్చే వైరస్ తెగులు. దానికి కూడ సోడా పనిచేయదు. అటువంటి మొక్కను పీకివేయడమే మంచిది.

సోడా ఎలా పనిచేస్తుంది?

బూడిద తెగులు శిలీంధ్రం ఎక్కువ భాగం ఆకు పైపొర మీదనే పాకుతూ, చిన్న చిన్న పీల్చుగొట్టాలను మాత్రమే లోపలికి దించుతుంది. దాని ఒళ్లంతా బయటే ఉంటుంది కాబట్టి ఆకు మీద పడిన సోడా నీరు నేరుగా దానికి తగులుతుంది. సోడాలోని బైకార్బొనేట్ ఆ శిలీంధ్రపు పోగులను, బీజాలను కృశింపజేస్తుంది. ఆకు ఉపరితలం కొంత క్షారంగా మారడం వలన కొత్త బీజాలు మొలకెత్తడం కూడ కష్టమవుతుంది. మిరపకు పట్టే బూడిద తెగులు మాత్రం ఆకు లోపలే పెరిగే జాతి. ఆకు అడుగున తెల్లగా, పైన పసుపు మచ్చలుగా కనబడుతుంది. పైన చల్లిన సోడా దానిని అంతగా చేరదు.

ఈ విషయాన్ని అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయ శాస్త్రజ్ఞులు గులాబీల మీద పరీక్షించి 1992లో ప్రచురించారు. లీటరు నీటికి సుమారు 5 గ్రాముల సోడా, దానితో పాటు నూటికి ఒక వంతు తోట నూనె కలిపి చల్లినప్పుడు బూడిద తెగులు బాగా అదుపులోకి వచ్చింది. గుమ్మడి జాతి పంటల మీద కూడ బైకార్బొనేట్‌లను పరీక్షించిన ఫలితాలు అదే ఏడాది వెలువడ్డాయి. 2015లో ఐరోపా సమాఖ్య సోడియం బైకార్బొనేట్‌ను మొక్కల రక్షణకు వాడదగిన సాధారణ పదార్థాల జాబితాలో చేర్చింది. కాబట్టి ఇది ఉత్త చిట్కా కాదు.

మనకు ఇంకొక కారణం చేత కూడ ఇది ఉపయోగం. బెండ వంటి పంటలలో బూడిద తెగులుకు నీటిలో కరిగే గంధకపు పొడిని చల్లమంటారు. బీర, సొర, దోస వంటి తీగజాతి మొక్కలు గంధకానికి తట్టుకోలేవు. ఆకులు మాడుతాయి. అటువంటి పాదులకు సోడా నీరు ఒక మార్గం.

కలిపే విధానం

కావలసినవి: మంచినీళ్లు 1 లీటరు, తినే సోడా 1 టీ చెంచా, వేపనూనె 1 టీ చెంచా, కుంకుడు రసం 1 టీ చెంచా.

చెంచాలో సోడాను గోపురంలా తీసుకోకండి. కత్తి వెనుక భాగంతో పైన గీసి సమం చేస్తే సుమారు 5 గ్రాములు వస్తుంది. అంతకు మించితే తెగులు కంటే ముందు ఆకే మాడుతుంది. ఒక చిన్న గిన్నెలో వేపనూనె, కుంకుడు రసం పోసి, పాలవలె తెల్లబడేవరకు బాగా గిలకొట్టండి. ఇలా చేయకపోతే నూనె నీటి మీద తేలుతుంది. కుంకుడుకాయలు లేకపోతే గిన్నెలు తోమే ద్రవ సబ్బు నాలుగైదు చుక్కలు చాలు. బట్టల సబ్బు పొడి వాడవద్దు. సోడాను నీళ్లలో పూర్తిగా కరిగించి, అందులో ఈ నూనెను కలిపి, చేతి స్ప్రేయరులో పోసుకోండి. నూనె, కుంకుడు రసం ఎందుకంటే అవి లేకుండా సోడా నీరు ఆకు మీద నిలువక ముత్యాల్లా జారిపోతుంది.

మొదటి రోజే పాదంతా చల్లవద్దు. రెండు మూడు ఆకుల మీద చల్లి రెండు రోజులు ఆగండి. అంచులు గోధుమరంగుకు తిరగకపోతే మిగతా వాటికి చల్లవచ్చు. ఉదయం ఎండెక్కక ముందు గాని, సాయంత్రం ఎండ తగ్గిన తరువాత గాని చల్లాలి. నీళ్లు లేక వాడిన మొక్కకు ముందు రోజు నీళ్లు పెట్టి మరునాడు చల్లాలి. ఆకు పైన, అడుగున తడిసేలా సన్నని తుంపరగా చల్లి, నేల మీదికి కారకముందే ఆపాలి. కుండీ మొక్కలైతే మట్టి మీద ఒక పాత ప్లాస్టిక్ సంచి పరచడం మంచిది.

తెగులు మొదటి మచ్చ కనబడినప్పుడే మొదలుపెట్టాలి. ఆకంతా తెల్లబడిన తరువాత సోడా చల్లినా ఆ ఆకు తిరిగి పచ్చబడదు. అటువంటి ఆకులను తుంచి, దూరంగా పూడ్చివేయండి. వారం నుండి పది రోజుల ఎడంతో మరల చల్లవచ్చు. మధ్యలో వాన పడితే మందు కొట్టుకుపోతుంది. ఒక పాదుకు మూడు నాలుగు సార్లకు మించవద్దు. కలిపిన నీటిని మరునాటికి దాచకుండా ఏ పూటకు ఆ పూట కలుపుకోండి. చల్లిన పాదు నుండి కోసిన కాయలను మంచినీళ్లతో కడిగి వండుకోండి.

సోడా చేయలేని పనులు

సోడా ఎరువు కాదు. మొక్కకు కావలసిన నత్రజని, భాస్వరం, పొటాష్ అందులో ఏదీ లేదు. అందులో ఉన్న సోడియం మన కూరగాయ మొక్కలకు ఆహారం కాదు.

టమాటా మొదట్లో సోడా వేస్తే కాయ తియ్యనవుతుందనే మాటకు ఆధారం లేదు. టమాటా తీపి దాని రకాన్ని బట్టి, దానికి తగిలే ఎండను బట్టి, చెట్టు మీద ఎంతవరకు పండనిచ్చామన్న దానిని బట్టి ఉంటుంది. పచ్చిగా కోసి మగ్గబెట్టిన కాయకు ఏ పొడి వేసినా చెట్టున పండిన రుచి రాదు.

పేనుబంక, పిండినల్లి చేరినప్పుడు సోడా చల్లితే తగ్గిందని కొందరు చెబుతారు. అక్కడ పనిచేసింది సోడాలో కలిపిన సబ్బు, నూనె. అవి పురుగు ఒంటి మీద పొరలా పట్టి దానికి ఊపిరాడకుండా చేస్తాయి. కాబట్టి పురుగులకు వేపనూనె, సబ్బు నీళ్లు మాత్రమే చాలు. సోడా ఖర్చు, దాని కీడు రెండూ అనవసరం. అలాగే చీమల పుట్టల్లో సోడా పోయడం వలన పుట్ట పోదు, మట్టి మాత్రం చెడుతుంది. గచ్చు పగుళ్లలో కలుపు మీద సోడా చల్లితే అది మాడే మాట నిజమే. కాని మొదటి వానకు ఆ ఉప్పంతా పక్కనున్న మడిలోకే దిగుతుంది.

మట్టిని గూర్చి ఆలోచించండి

ఈ వ్యాసంలో అన్నిటికంటె ముఖ్యమైన మాట ఇదే. మన ప్రాంతంలో చౌడు నేల అంటే తెలియని రైతు లేడు. పైన తెల్లగా పేరుకునే తెల్ల చౌడు ఒకటి, నల్లగా బిగుసుకుపోయే కారు చౌడు ఒకటి. వెనుకటి రోజుల్లో బట్టలు ఉతకడానికి ఊరి బయట నుండి చౌటి మన్ను తెచ్చుకొనేవారు. ఆ మన్ను మురికిని వదలగొట్టడానికి కారణం అందులో ఉన్న సోడాయే. కారు చౌడులో ఉండేది ఇదే సోడియం కార్బొనేట్, బైకార్బొనేట్. అంటే మనం పెరటిలో గుప్పెళ్లతో పోసే సోడా, కారు చౌడును మన చేతులతో మనమే తయారుచేయడం వంటిది.

సోడియం మట్టిలో ఏం చేస్తుందో చూడండి. మంచి మట్టిలో సన్నని రేణువులు కాల్షియం పట్టుతో గుత్తులు గుత్తులుగా కలిసి ఉంటాయి. ఆ గుత్తుల సందుల్లోనే నీరు ఇంకుతుంది, వేరు ఊపిరి పీలుస్తుంది. సోడియం ఎక్కువైతే అది కాల్షియం స్థానాన్ని ఆక్రమిస్తుంది. గుత్తులు విడిపోయి, రేణువులు సందులను పూడ్చివేస్తాయి. తడిస్తే జిగురు, ఎండితే రాయి. నీళ్లు పోస్తే పైనే నిలుస్తాయి. మట్టి పి.హెచ్. 8.5 దాటితే ఇనుము, జింకు వంటివి ఉన్నా వేరుకు అందవు. లేత ఆకులు పాలిపోతాయి. అబీమెలెకు షెకెము పట్టణాన్ని పడగొట్టి అక్కడ ఉప్పు చల్లించిన సంగతి న్యాయాధిపతులు 9:45లో చదువుతాము. నేల మీద ఉప్పు చల్లడం ఆ దినాల్లో శత్రువు చేసే పని.

లెక్క వేసి చూడండి. తినే సోడాలో నాలుగో వంతుకు పైగా, అంటే నూటికి 27 పాళ్లు సోడియమే. మిద్దె మీద కుండీలోని ఒక మొక్కకు వారానికి అర లీటరు చొప్పున పది వారాలు చల్లి, అదంతా కుండీలోకే కారితే, 25 గ్రాముల సోడా, అందులో దాదాపు 7 గ్రాముల సోడియం ఆ గుప్పెడు మట్టిలో చేరుతుంది. పొలంలోనైతే వానకు కొంత అడుగుకు దిగుతుంది. కుండీకి ఆ దారి తక్కువ. పైగా మన ఊళ్లలో చాలా బోర్ల నీరు ముందే ఉప్పు నీరు. కాగిన పాత్రలో తెల్లని పెచ్చు కట్టే నీటిని పోసే వారు, మడిలో చౌడు ఛాయలు ఉన్నవారు సోడా జోలికి పోకుండా ఉండటమే క్షేమం.

ఇప్పటికే ఎక్కువ సోడా పడిందని అనుమానం ఉంటే కంగారు పడనక్కరలేదు. కుండీ అడుగు రంధ్రం తెరిచి, మంచినీళ్లు నిండుగా పోసి రెండు మూడు సార్లు కడిగి వదలండి. వాన నీరైతే మరీ మంచిది. నేల మడి అయితే మట్టి పరీక్ష చేయించి, వ్యవసాయాధికారి సలహా మీద జిప్సం వేయాలి. జిప్సంలోని కాల్షియం, సోడియాన్ని తప్పించి దాని చోటును తిరిగి తీసుకుంటుంది. పశువుల ఎరువు, జీలుగ వంటి పచ్చిరొట్ట కూడ మట్టిని గుల్లబరుస్తాయి.

సోడా కంటే ముందు చేయవలసినవి

తెగులు వచ్చిన తరువాత చల్లే మందు కంటే, తెగులుకు చోటివ్వని అలవాట్లు మేలు. పాదుకు పాదుకు మధ్య గాలి ఆడేంత ఎడం ఉంచండి. పందిరి కింద ముదిరిన ఆకులను వారానికొకసారి తుంచండి. కనీసం ఆరు గంటలు ఎండ తగిలే చోట కూరగాయలు వేయండి. యూరియా ఎక్కువ వేస్తే లేత ఆకులు విరగబడి వస్తాయి, బూడిద తెగులుకు అవంటేనే ఇష్టం. పాదు కాపు అయిపోగానే పీకి తీసివేయండి. దానిని అలాగే వదిలితే పక్క పాదుకు తెగులు పంచుతుంది.

మట్టికి భయం లేని మరొక ఉపాయం పాలు. బ్రెజిల్ దేశంలో గుమ్మడి జాతి మొక్కల మీద చేసిన ప్రయోగాల ఫలితాలు 1999లో వెలువడ్డాయి. ఒక వంతు పాలు, తొమ్మిది వంతుల నీళ్లు కలిపి వారానికొకసారి చల్లితే బూడిద తెగులు బాగా తగ్గింది. ప్రకృతి సేద్యం చేసే మన రైతులు పుల్లని మజ్జిగను ఇలాగే నీళ్లలో కలిపి చల్లుతారు. రెండు మూడు పాదులు గల ఇంటికి గ్లాసెడు పాలు చాలు. బజారులో పొటాషియం బైకార్బొనేట్ దొరికితే అది సోడా కంటే మెరుగు. పనిచేసే తీరు ఒకటే, మిగిలే పొటాషియం మాత్రం మొక్కకు ఆహారం.

ఇక సోడాకు నిజంగా తగిన చోటు మరొకటుంది. బజారునుండి తెచ్చిన పండ్లను కడగడం. అమెరికాలోని మసాచుసెట్స్ విశ్వవిద్యాలయంలో ఆపిల్ పండ్ల మీద చేసిన పరీక్ష 2017లో ప్రచురితమైంది. లీటరుకు 10 గ్రాముల సోడా కలిపిన నీటిలో 12 నుండి 15 నిమిషాలు ఉంచితే తొక్క మీది రెండు రకాల మందుల అవశేషాలు పోయాయి. తొక్క లోపలికి దిగినది మాత్రం పూర్తిగా పోలేదు. పండ్లను తరువాత మంచినీళ్లతో కడగడం, ఆ సోడా నీటిని మొక్కలకు పోయకుండా తూములోకి వదలడం మరువకండి.

పెరటి మట్టి ఒక తరంతో పోయే ఆస్తి కాదు. మన పెద్దలు ఎరువు వేసి, చెమటోడ్చి గుల్లబరచిన నేలలో మనం బీరకాయ కోసుకుంటున్నాము. మన తరువాత మన పిల్లలు కోసుకోవాలి. సరియైన తెగులుకు, ఆకు మీద, లీటరుకు ఒక్క గీసిన చెంచా మాత్రమే వాడితే తినే సోడా మనకు మంచి సహాయకారి. రేపు ఉదయం నీళ్లు పెట్టేటప్పుడు ఒకసారి పాదు అడుగు ఆకులను తిప్పి చూడండి. మొదటి మచ్చను మొదటి రోజే చూచినవారికి చెంచాతో పని తీరుతుంది.